తవిటమ్మ సందు

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, వెదురును అడిగి వెదురు కొట్టే కాలంలో, ఒక కొండవారన మేదరిపల్లె ఉండేది. అందులో తట్టలూ చేటలూ అల్లే తవిటమ్మ ఉండేది. ఆమె అల్లిన తట్టలో నీళ్ళు పోస్తే, కారడానికి కాసేపు ఆలోచించేవట.

ఆ పల్లెలో ఒక ఆచారం. పెళ్ళినాడు పిల్ల ఎడమచేతికి, మోచేతి కింద, రాగి కడియం తొడిగి కంసాలి సుత్తితో బిగగొట్టేవాడు. కడియానికీ కండకీ మధ్య వెంట్రుక దూరకూడదు. ఎందుకంటే, కడియం కదిలితే కాపురం కదులుతుంది. మగవాళ్ళకు ఏ కడియమూ లేదు. వాళ్ళెంత కదిలినా కాపురం కదలదు కాబోలు.

తవిటమ్మకు పెళ్ళయింది. మొదటి వానలకు చిటికెన వేలు తిమ్మిరెక్కింది. అత్త పెంటమ్మతో చెప్పింది.

"కడియం వదులైపోనాదే. కడియం కదిలితే కాపురం కదులుతాది," అంది అత్త. కంసాలి వచ్చి బిగగొట్టాడు.

రెండో వానలకు ఉంగరపు వేలూ మొద్దుబారింది. మొగుడు గంగులుతో చెప్పింది. "కడియం కదిలితే కాపురం కదులుతాది," అన్నాడు గంగులు. కంసాలి మళ్ళీ బిగగొట్టాడు.

మూడో వానలకు ఆ రెండు వేళ్ళూ కొక్కెంలా వంగాయి. కులపెద్దకు చూపించింది. ఆయన మురిసిపోయాడు. "కాపురం వంపు వచ్చిందర్రా! గుణవంతురాలు!" ఇంకాస్త బిగగొట్టించాడు.

ఆ పల్లెలో ముత్తయిదువులందరికీ ఆ వంపు ఉండేది. వంపు ఎంతుంటే గుణం అంత.

తవిటమ్మకు గుణం వచ్చింది, పని పోయింది. ఎడమచేతిలో వెదురుబద్ద నిలవడం లేదు. అల్లిక మధ్యలో జారిపోతోంది. బద్ద పట్టలేని మేదరిది ఇంకెందుకు?

ఒక పొద్దున వెదురుపొద దగ్గర చినపైడి కనబడింది. ఆమెకు మొగుడు పోయాడు. మొగుడితోపాటు కడియాన్నీ పగలగొట్టారు. ఆమె రెండు చేతులతో బొంగు పట్టి ఫట్‌మని చీలుస్తోంది.

"అప్పా, నీ వేళ్ళూ వంగుండేవి కదే?"

"ఉండేవి. కడియం పోయినాక మెల్లిగా సాగాయి. మొగుడు సస్తే వేళ్ళు సాపుకుందని ఊరంతా తిట్టారు. నాను ఏడవకేం, ఏడిసాను తల్లీ. నా వేళ్ళే నవ్వుకున్నాయి."

తవిటమ్మ తన చేయి చూసుకుంది. బొంగు చూసింది. తిన్నగా ఇంటికెళ్ళి చెప్పింది. "కడియం తీసేత్తాను."

"తీత్తే నాను సచ్చిపోతానే!" అన్నాడు గంగులు.

"నా సెయ్యి రోజూ సత్తంది. నీకు అగుపడిందా? రా, ఎదురుగా కూకో. సత్తావో నేదో అందరం చూద్దాం."

మిట్టమధ్యాహ్నం, నడివీధిలో, కత్తులు నూరే రాయి దగ్గర కూర్చుంది. ఎదురుగా గంగుల్ని కూర్చోబెట్టింది. చినపైడి ఆమె ఎడమచేయి పట్టుకుంది. తవిటమ్మ కడియాన్ని రాతి అంచుకేసి రాయసాగింది. ఊరంతా చుట్టూ మూగింది. కులపెద్ద శాపాలు పెట్టాడు. రాయి ఆగలేదు.

"సచ్చావా?" అడిగింది తవిటమ్మ.

"నేదు."

ఇంకాస్త రాసింది. "సచ్చావా?"

"నేదే."

రాగి పలచబడింది. "ఇప్పుడో?"

గంగులు నోరు తెరిచాడు. కళ్ళు మూసుకున్నాడు. పెంటమ్మ గుండెలు బాదుకుంది. అతను పెద్దగా తుమ్మాడు.

"రాగిపొడుం ముక్కులోకెళ్ళింది," అన్నాడు.

మొదట చినపైడి నవ్వింది. తర్వాత ఆడవాళ్ళంతా నవ్వారు. తవిటమ్మ కోతలో వెదురుసీల పెట్టి కొట్టింది. కడియం విచ్చుకుని కింద పడింది. కాపురం కదల్లేదు. గంగులు గంజి అడిగాడు.

వేళ్ళు మాత్రం ఒక్కరోజులో సాగలేదు. ఎన్నో వానలు పట్టింది. చిటికెన వేలు చివరిదాకా కొంచెం వంకరే. అయినా బద్ద నిలిచింది. తట్టలో నీళ్ళు మళ్ళీ ఆలోచించడం మొదలెట్టాయి.

ఒకనాడు పెంటమ్మ కోడలి ముందుకొచ్చి చేయి చాపింది.

"మరి మావ?" అంది తవిటమ్మ.

"తుమ్మితే తుమ్ముతాడు. నువ్వు కొయ్యి."

పెంటమ్మ వేళ్ళు సాగలేదు. అప్పటికే అంతగా వంగిపోయాయి. కానీ ఆ తర్వాత ఆ పల్లెలో ఏ పిల్ల వేళ్ళూ వంగలేదు.

తవిటమ్మ పోయి ఎంతకాలమైందో చెప్పడానికి ఎవరూ లేరు. గంగులు ఆమెకంటే ఎక్కువకాలమే బతికాడట. ఇప్పటికీ ఆ కొండవారన కడియాలకు నోరు తెరిచే ఉంచుతారు. దాని పేరు తవిటమ్మ సందు. పెళ్ళికూతురికి కడియం తొడగగానే, ముసలమ్మ ఒకతె తన చిటికెన వేలు దాని కింద దూర్చి చూస్తుంది. వేలు ఆడకపోతే పెళ్ళి ఆగాల్సిందే.

ఆ వేళకు పెళ్ళికొడుకు తుమ్మాడా, ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో అంటారు.

"ఉన్నాడులే. కానీయండి!"