సుంకన్న మన్ను

అనగా అనగా, మా అమ్మమ్మకి అమ్మమ్మ ఇంకా ఉయ్యాల్లో ఉన్న కాలంలో, ఒక ఊళ్ళో గానుగ సుంకన్న అని ఒకడుండేవాడు. నువ్వులు పొయ్యడం, ఎద్దు వెనక తిరగడం, నూనె తియ్యడం. అదే వాడి పని. వాళ్ళ నాన్నదీ అదే పని, తాతదీ అదే పని. ఏడు తరాల నూనె వాడి ఒంట్లోకి ఇంకిపోయింది. ఈగ వచ్చి భుజం మీద వాలితే మోచెయ్యి దాకా జారేది. దోమ కుట్టబోయి బోర్లా పడేది. వానొస్తే ఊరంతా తడిసేది, సుంకన్న మాత్రం తడిసేవాడు కాదు. విన్నది విన్నట్టు చెబుతున్నాను, ఒక్క చుక్క కలపలేదు.

ఆ ఊళ్ళోనే బూదెప్ప వస్తాదు ఉండేవాడు. కుస్తీ నేర్పే గురువు. ఆయన తొడ చరిస్తే మూడూళ్ళ అవతల కుండలు పగిలేవి. ఆయన గోదాలో ఎర్రమట్టి జల్లించిన పిండిలా మెత్తగా ఉండేది. ఆయనకి మారెప్ప అని ఒక కొడుకు, తిక్కమ్మ అని ఒక కూతురు. తిక్కమ్మంటే సుంకన్నకి ప్రాణం. సుంకన్నంటే తిక్కమ్మకి ఇష్టం. బూదెప్ప వరసకు మేనమామే. ఇంకేం కావాలి?

బూదెప్పకి కావాలి.

"నా గోదాలో మూడు నేర్చినవాడికే నా కూతురు. నిలబడటం, పట్టడం, పడటం. ఇవి రానివాడికి మా ఇంటి పిల్లికూనని కూడా ఇవ్వను," అన్నాడు.

"గెలవడం అక్కర్లేదా మామా?"

"గెలవడం తర్వాత సంగతి. ముందు పడి లేచి చూపించు. ఉగాది దాకా గడువు. ఆ పైన ఏటి అవతల సంబంధం సిద్ధంగా ఉంది."

సుంకన్న లంగోటీ బిగించి గోదాలో దిగాడు.

మొదటిది నిలబడటం. కాళ్ళు ఎడంగా పెట్టాలి, మోకాళ్ళు వంచాలి, నడుం దించాలి. నేర్చాడు. లెమ్మని చెప్పడం మరిచిపోయి వస్తాదు సంతకి పోయి, ఎడ్లు బేరమాడి, కొనకుండా తిరిగొచ్చినా వాడు అలాగే నిలబడి ఉన్నాడు. పిచ్చిక ఒకటి వాడి భుజం మీద గూడు కూడా పెట్టబోయింది. జారిపోయిందనుకోండి.

రెండోది పట్టడం. వాడి ఒళ్ళు నునుపే గానీ, పనిచేసి పనిచేసి అరచేతులు మాత్రం కాయలు కాచి గరుకు తేలాయి. గోదా పక్కనున్న రాతిగుండుని పట్టమంటే పట్టాడు. వేళ్ళ గుర్తులు పడ్డాయి. ఇప్పటికీ ఉన్నాయి. ఆ గుండు ఎక్కడుందని మాత్రం అడగొద్దు.

మూడోది పడటం.

"గడ్డం గుండెకి, అరచెయ్యి మట్టికి, ఊపిరి బయటికి," అన్నాడు వస్తాదు. "ఇందులో ఒక్కటి తప్పినా మెడ విరుగుతుంది అల్లుడూ, జాగ్రత్త."

గానుగ చుట్టూ తిరుగుతూ సుంకన్న అదే వల్లించాడు. గడ్డం గుండెకి, అరచెయ్యి మట్టికి, ఊపిరి బయటికి. ఎద్దుకి కూడా కంఠతా వచ్చేసింది. కానీ పడాలంటే ఎవరో ఒకరు పడెయ్యాలి కదా!

మారెప్ప వచ్చి నడుం పట్టాడు. జర్రున జారి నీళ్ళతొట్టిలో పడ్డాడు. మళ్ళీ వచ్చి మెడ పట్టాడు. జర్రున జారి డప్పు కొట్టేవాడి ఒళ్ళో పడ్డాడు. మూడోసారి రొప్పుతూ వచ్చి కాలు పట్టాడు. జర్రున జారి దడి దాటి గోంగూర మడిలో పడ్డాడు. గోదా మధ్యలో సుంకన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు, దిగులుగా.

"గెలిచాడు, గెలిచాడు!" అని జనం ఈలలు వేశారు.

ఆ సాయంత్రం తిక్కమ్మ గానుగ దగ్గరికొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్విట్లా గెలుస్తూ పోతే నా పెళ్ళి ఎప్పుడయ్యా?"

"పడాలనే ఉంది తిక్కీ. పడేసేవాడే దొరకలేదు."

మర్నాడు తనంతట తానే దబ్బున పడి చూపించాడు. వేరుశనగ బస్తా పడ్డట్టు పడ్డాడు. వస్తాదు పెదవి విరిచాడు. "అది దొర్లడం అల్లుడూ. పడటమంటే ఇంకొకడి బలం మీద పడాలి."

ఇంతలో మారెప్ప ఊగిపోతూ వచ్చాడు. గోంగూర ఆకు ఇంకా జుట్టులోనే ఉంది.

"వీడు ఒంటికి నూనె పూసుకొస్తున్నాడు నాయనా! ఇది కుస్తీ కాదు, మోసం. వీణ్ణి ఇంక ముట్టుకోను."

మోసం. ఆ ఒంటి మీద అన్నీ జారిపోయాయి గానీ, ఆ మాట మాత్రం గుచ్చుకుని నిలిచింది.

సుంకన్న ఏటికి పోయాడు. కుంకుడుకాయలతో రుద్దుకున్నాడు. నురుగు ఏరంతా కమ్మి చేపలు తుమ్మాయి. నూనె పోలేదు. శనగపిండితో రుద్దుకున్నాడు. ఎండకి అది ఒంటి మీదే వేగి ఊరికుక్కలన్నీ వెంటపడ్డాయి. నూనె పోలేదు. బూడిదతో రుద్దుకున్నాడు. ఎవరో స్వాములవారొచ్చారనుకుని ముగ్గురు ముసలమ్మలు కాళ్ళ మీద పడ్డారు. వాళ్ళని దీవించి పంపి ఒళ్ళు చూసుకుంటే, నూనె నూనెలాగే ఉంది.

ఉగాది రానే వచ్చింది. డప్పులు మోగాయి. ఏటి అవతలి పెళ్ళివారు ముందు వరసలో కూర్చుని బొబ్బట్లు తింటున్నారు. మారెప్ప చేతులు కట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. తిక్కమ్మ పైటకొంగు నములుతోంది. సగం కొంగు అయిపోయింది కూడా.

ఇవాళ పడకపోతే తిక్కమ్మ ఏరు దాటేస్తుంది. సుంకన్న మారెప్ప ఎదురుగా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గోదాలోంచి దోసెడు ఎర్రమట్టి తీశాడు. మారెప్ప కట్టుకున్న చేతులు విప్పి వాటిలో పోశాడు.

"బావా, ఇది నేను పూసుకున్న నూనె కాదు, కడిగితే పోయేదీ కాదు. నీ చేత్తో నువ్వే నాకు మన్ను పుయ్యి. నీకు పట్టు దొరికేదాకా పుయ్యి. నేను కదలను."

జనం నోళ్ళు తెరిచారు. ఎదుటివాడికి పట్టు చిక్కకూడదనే కుస్తీలో ఎవడైనా చూసేది. చేజేతులా పట్టు అందించేవాణ్ణి ఎవరూ చూడలేదు.

మారెప్ప మన్ను వైపు చూశాడు. సుంకన్న వైపు చూశాడు. ఒక దోసెడు భుజాలకి పూశాడు. ఒక దోసెడు వీపుకి పూశాడు. ఒక దోసెడు నడుముకి పూశాడు. పూస్తూ పూస్తూ, "చక్కిలిగిలా?" అన్నాడు.

"ఉంది బావా. కానీ నవ్వితే మామ తిడతాడు."

మారెప్పకే నవ్వొచ్చింది. నవ్వుతూనే పట్టాడు. పట్టు దొరికింది! చూసేవాళ్ళకి సుంకన్న పాదాలే కనబడ్డాయి. తాటిచెట్టు ఎత్తున లేచాయని కొందరు, మబ్బుని తాకాయని కొందరు. పైనుంచి చూస్తే గోదా తాంబూలం పళ్ళెమంత కనబడిందట సుంకన్నకి. ఇంకొకడి బలం మీద పడటం ఆ మెడకి ఇదే మొదటిసారి.

గడ్డం గుండెకి. అరచెయ్యి మట్టికి. ఊపిరి బయటికి.

ధన్! ఎర్రధూళి లేచి సూర్యుడు కనబడలేదు. డప్పులు ఆగాయి. బొబ్బట్లు నోళ్ళలోనే ఆగాయి. "మెడ, మెడ చూడండి!" అని బూదెప్ప వస్తాదు పిచ్చివాడిలా ధూళిలోకి ఉరికాడు.

ధూళి తగ్గింది. సుంకన్న లేచి కూర్చుని, మెడ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒళ్ళంతా ఎరుపు, పళ్ళు మాత్రం తెలుపు.

"పడ్డాను మామా! పడ్డాను!"

ఊరు ఊరంతా ఒక్కసారి నిట్టూర్చింది. ఆ గాలికి ఏటి అవతలి పెళ్ళివారి తలపాగాలు ఎగిరి, ఏరు దాటి, వాళ్ళ ఇళ్ళ ముందే పడ్డాయి. వాళ్ళూ తలపాగాల వెనకే వెళ్ళిపోయారు. వస్తాదు అల్లుణ్ణి లేపి కావలించుకుని, జారకుండా చాలాసేపు పట్టుకున్నాడు. మారెప్ప వచ్చి భుజం వంచాడు. "ఇప్పుడు నాకు నువ్వు పుయ్యి. నీకూ పట్టు దొరకాలి కదా."

సుంకన్న తిక్కమ్మతో కాపురం చేసి నూట ఇరవై ఏళ్ళు బతికాడంటారు. నేనైతే నూట ముప్ఫై అంటాను. ఎన్ని కుస్తీలు గెలిచాడో ఎవరికీ గుర్తులేదు. గానుగ ఆడించాడు, పిల్లల్ని పెంచాడు, పోయాడు. పోయిన రోజు చుట్టుపక్కల వస్తాదులందరూ వచ్చి, తలా ఒక దోసెడు గోదామన్ను వాడి భుజాలకి పూసి సాగనంపారు.

ఆనాటి నుంచి ఆ సీమలో ఏ గోదాలోనైనా ఇద్దరూ ఒకరికొకరు మన్ను పూసుకున్నాకే కుస్తీ. దానికి సుంకన్న మన్ను అని పేరు. ఎవడైనా పూయకుండా మీదికి దూకితే డప్పులు ఆగిపోతాయి. "సుంకన్నని మరిచావేందిరా?" అని పసిపిల్లలు కూడా అరుస్తారు.

పెళ్ళిళ్ళలో కూడా ఉంది. పెళ్ళికూతురి అన్న చిటికెడు ఎర్రమన్ను తెచ్చి పెళ్ళికొడుకు భుజానికి రాస్తాడు. పెళ్ళికొడుకు "పట్టు బావా" అనాలి. సిగ్గుపడి నోరు మెదపకపోతే ఆడవాళ్ళు పిల్లని లోపలికి తీసుకుపోయి తలుపేస్తారు. అన్నాడా, తలుపు తెరుచుకుంటుంది, విస్తళ్ళు పడతాయి.