ఎనిమిది వేల నూట తొంభై రెండుకి ఒకటి తక్కువ

లతీఫ్‌కి లెక్కలంటే ప్రాణం. ఆ సంగతి అందరికీ తెలియడమంటే ఇంకొంచెం ఎక్కువ ప్రాణం.

ఆరుని శేషం లేకుండా భాగించే చిన్న సంఖ్యలు ఒకటి, రెండు, మూడు. కలిపితే మళ్లీ ఆరే. ఇలాంటి వాటిని సంపూర్ణ సంఖ్యలంటారు. పాతవాళ్లు నాలుగు కనిపెట్టారు. నాలుగోది ఎనిమిది వేల నూట ఇరవై ఎనిమిది. ఐదోది తనే పట్టుకుంటానని లతీఫ్ తన గురువు బుర్హాన్ షా బాబా శిష్యులందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. దొరికేదాకా భోజనాల చాప మీద కూర్చోడట. అందరూ తిన్నాక మిగిలింది తింటాడట.

"మిగలాలి కదయ్యా," అంది వంట చేసే జానీబీ.

ఆ నాలుగోదాని తర్వాత నుంచి వరసగా రోజుకొక సంఖ్య. ఇసుక పలక మీద భాగించడం, కూడడం, చెరిపేయడం. అరవై మూడు సంఖ్యలు ఇసుకలో కలిశాయి. కళ్లు గుంటలు పడ్డాయి, చూపుడు వేలు అరిగింది. అరవై నాలుగో రోజు ఎనిమిది వేల నూట తొంభై రెండు వంతు వచ్చింది. దానికన్నా చిన్న భాజకాలన్నీ కూడితే ఎనిమిది వేల నూట తొంభై ఒకటి.

ఒక్కటంటే ఒక్కటి తక్కువ! ఏడుసార్లు కూడాడు. ఎనిమిదోసారికి ఓపిక లేక మూట కట్టుకున్నాడు.

"వెళ్లొస్తాను బాబా. ఇక నావల్ల కాదు."

చాప మీద కూర్చున్న బాబా చేతిలోకి రొట్టె తీసుకున్నారు. "వెళ్దువుగానిలే. ఆ భాజకాలేవో ఒకసారి చదివిపో. పెద్దదానితో మొదలుపెట్టు."

"నాలుగు వేల తొంభై ఆరు," అన్నాడు లతీఫ్ గోడకి జారగిలబడి.

బాబా రొట్టెని సగానికి తుంచి జానీబీకి ఇచ్చారు.

"రెండు వేల నలభై ఎనిమిది."

మిగిలిన దాంట్లో సగం నీళ్లు మోసే సైదులుకి.

"వెయ్యిన్నీ ఇరవై నాలుగు."

అందులో సగం పిల్లికి.

"దానికెందుకు బాబా, పొద్దున్నే ఎలుకని తింది," అని గొణిగాడు సైదులు.

లతీఫ్ చదువుతూనే ఉన్నాడు. సగం, అందులో సగం. కోడికి, పిచ్చుకకి, చీమలకి. ముక్క చిన్నదవుతున్నకొద్దీ తినేవాళ్లూ చిన్నవాళ్లవుతున్నారు. లతీఫ్ గొంతూ అంతే.

"నాలుగు... రెండు... ఒకటి. అంతే బాబా, అయిపోయాయి."

ఆఖరి చీమ ఆఖరి నలుసు ఎత్తుకుపోయింది. బాబా వేలికొసన ఇంకో నలుసు మిగిలింది. సరిగ్గా చీమ పట్టుకెళ్లినంతే.

"మరి ఇది?"

లతీఫ్ ఆ వేలు చూశాడు, పలక చూశాడు.

బాబా ఆ నలుసుని అతని అరచేతిలో పెట్టారు.

"ఇది నీది, బేటా. చాప మీద లేనివాణ్ణి ఎలా కూడతావు?"

జానీబీ తన సగం రొట్టెని మళ్లీ సగం చేసి, కాస్త పక్కకి జరిగింది.