అయ్య కాల్లో చిరిగిన కణజాలం

మా ఇంట్లో వాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట మేమే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. మా పేటలో ఎవరికి దిగులేసినా మా వాకిట్లోకొచ్చి కూర్చునేవాళ్ళు. మేం నలుగురం మాట్లాడుకునేది కాసేపు విని, కడుపు పట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. మా తెలివి జనాన్ని అంత సంతోషపెట్టేది మరి!

నలుగురంటే మా అయ్య ఎర్రయ్య, అమ్మ కొర్లమ్మ, అన్న గురుమూర్తి, నేను. నా పేరు దానయ్య. అన్న ఏడో తరగతి దాకా చదివాడు. అందుకని ఇంట్లోకి ఏ కష్టమైన మాట వచ్చినా వాడికే అప్పజెప్పేవాళ్ళం.

ఆ ఏడు చేపల వేట నిషేధం ఇక ముగుస్తుందనగా అయ్య తెప్ప మీంచి జారిపడ్డాడు. పాదం గుమ్మడికాయలా వాచింది. మడమ దగ్గర చీరుకుపోయింది. మా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే చేపలు ఎక్కడుంటాయో అయ్యకే తెలుసు. మాకు సముద్రం ఎటుందో మాత్రం తెలుసు. అయ్య లేవకపోతే మా పొయ్యి లేవదు.

డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్ళాం. ఆవిడ అయ్యని బల్ల మీద పడుకోబెట్టి, పాదం నొక్కి చూసి, కట్టు కట్టింది.

"ఎముక విరగలేదు బాబాయ్. లోపల కణజాలం చిరిగింది. గాయం బాగా ఆరాలి. అందాకా ఈ కాలు కదపకు."

అంతే. అయ్య కొయ్యబారిపోయాడు. "దిగు మావా, ఇంటికెళ్దాం" అంది అమ్మ.

"ఎలా దిగుతానే? దిగితే కాలు కదలదేటి?"

నిజమే కదా! ఇంకేముంది, బల్లతో సహా ఎత్తుకుని బయల్దేరాం. వెనకనించి డాక్టరమ్మ "బల్ల! బల్ల!" అని అరుస్తూనే ఉంది.

"బల్ల జాగ్రత్త అంటోంది, ఎంత మంచి మనిషో" అంది అమ్మ.

ఇంటికొచ్చాక అన్నని అడిగాం. "కణజాలం అంటే ఏట్రా?"

అన్న కళ్ళు మూసుకున్నాడు. చదువు పైకి రావాలంటే వాడు కళ్ళు మూసుకోవాలి. "జాలం అంటే వల. పద్యం చెప్పినప్పుడు పంతులుగారు చెప్పారు. అయ్య కాల్లో వల ఉంది. అది చిరిగింది."

"ఓలమ్మో! ఇన్నేళ్ళు కాపరం చేశాను, కాల్లో వల ఉందని ఒక్క మాట చెప్పలేదు చూడు!" అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"నాకు మాత్రం తెలిస్తే కదా! తెలిస్తే కాలే నీళ్ళలో పెట్టి కూర్చునేవాణ్ణి" అన్నాడు అయ్య.

మాకు ప్రాణం లేచొచ్చింది. వల సంగతి మాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పైగా గాయం ఆరాలని డాక్టరమ్మే చెప్పింది. ఆరాలంటే ఆరబెట్టాలి. అంతే, బల్లని ఇసుకలోకి మోసి, ఎండుచేపల పక్కన అయ్యని ఆరబెట్టాం. కాసేపటికి అమ్మ వెళ్ళి తిరగేసి వచ్చింది, రెండో వైపు కూడా ఆరాలి కదా. కాకులు వాలాయి. నేను కర్ర పుచ్చుకుని తోలుతూ కూర్చున్నాను.

అప్పుడు అన్నకి ఇంకో ఆలోచన తట్టింది. "వల చిరిగితే లోపలున్నవి జారిపోవూ? అందులో ఉండేవి కణాలు!"

చూద్దుము కదా, అయ్య పాదం కింద సన్నగా, మెరుస్తూ ఏవో రాలి ఉన్నాయి. ఒక చోటా రెండు చోట్లా? బల్ల చుట్టూ అవే! అమ్మ గొల్లుమంది. ఇంకేముంది, అన్నీ ఊడ్చి సీసాలోకెత్తి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం, అన్నా నేనూ.

ఆవిడ సీసా వంచి చూసింది. "ఇది ఇసుకయ్యా. కణాలు కంటికి కనపడవు."

సిగ్గుతో చచ్చిపోయాం. ఇంటికొచ్చి, సీసా శుభ్రంగా కడిగి, అయ్య పాదం కింద పెట్టి, ఏమీ కనపడకుండా నిండేదాకా చూసి, మూత బిగించి మళ్ళీ పట్టుకెళ్ళాం.

"ఇప్పుడు సరిగ్గా తెచ్చాం. ఒక్కటీ కనపడట్లేదు చూడండి!"

డాక్టరమ్మ తల పట్టుకుంది. తర్వాత, మంచిది కనుక, కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "మన ఒళ్ళంతా కణాలే. ఒకేలాంటి కణాలు ఒకచోట చేరి, కలిసి ఒకే పని చేస్తే దాన్ని కణజాలం అంటారు. అక్కడ వలా లేదు, గిలా లేదు. ఇప్పుడు మీ ఇల్లుంది, అందరూ కలిసి వల లాగరూ? అలాంటిదన్న మాట."

అన్న నా వైపు చూశాడు. నేను అన్న వైపు చూశాను. కణజాలం అంటే మేమే! ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే అమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "మనం బాగుంటే మీ అయ్య కాలు బాగుంటుంది. ఇకనించి అందరం ఒకేలా ఉండి, ఒకే పని చెయ్యాలి."

అంతే. నలుగురం అయ్య చొక్కాలే వేసుకున్నాం. నలుగురం నీళ్ళకెళ్ళాం, బియ్యం కడిగేవాళ్ళు లేరు. నలుగురం పొయ్యి ఊదాం, మంట ఆరిపోయింది. నలుగురం ఆకలితో పడుకున్నాం. అయ్య మటుకు కాలు కదపకుండా, పడుకున్న చోటే ఉండి నీళ్ళు మోస్తున్నట్టు భుజాలు ఊపేవాడు. ఆ కాలు ఎంత గట్టిదో, మా వైద్యాన్ని కూడా తట్టుకుని మానింది.

వేట మొదలైంది. నలుగురం తెప్పెక్కాం. ఆడవాళ్ళు వేటకి రావడమేమిటని ఇరుగుపొరుగు నోళ్ళు నొక్కుకున్నారు. వాళ్ళకేం తెలుసు కణజాలం గురించి? అలలు దాటగానే అయ్య కుడివైపు తెడ్డేశాడు. ఒకే పని కదా, మేమూ కుడివైపే వేశాం. తెప్ప బొంగరంలా తిరిగింది. ఒడ్డు కనపడింది, పోయింది, మళ్ళీ కనపడింది.

"ఎన్ని ఊళ్ళు దాటుతున్నామో!" అన్నాడు అయ్య.

ఒడ్డు మీదనించి ఎవరో "అటువైపు వెయ్యండ్రా!" అని కేకేశారు. నలుగురం ఎడమవైపుకి మారాం. తెప్ప ఇటు తిరిగిందంతా అటు తిరిగింది. కళ్ళు తిరగడం కూడా సర్దుకుంది.

సాయంత్రానికి అలలే మమ్మల్ని తోసుకొచ్చి ఒడ్డున పడేశాయి. దిగి చూస్తే, ఆశ్చర్యం! అచ్చం మా పేటలాంటి పేట. అదే వీధి, అవే గుడిసెలు. "ఒకేలాంటివి ఒకచోట చేరతాయని డాక్టరమ్మ చెప్పలేదూ?" అన్నాడు అన్న. కొంచెం ముందుకెళితే అచ్చం మా ఇంటిలాంటి ఇల్లు, తాళం వేసి ఉంది.

పరాయి ఊళ్ళో మర్యాదగా ఉండాలి కదా. నలుగురం అరుగు మీద ఒద్దికగా కూర్చుని, ఇంటివాళ్ళ కోసం ఎదురుచూశాం. చీకటి పడింది. ఎవరూ రాలేదు.

"అతిథులు వాకిట్లో ఉంటే ఎక్కడ తిరుగుతున్నారో! ఇంగితం లేని మనుషులు" అని విసుక్కున్నాడు అయ్య.