వెన్నెల నోటికి సరిపడ్డ కళ్లెం

అనగా అనగా మణిదుర్గమని ఒక కోట, ఆ కోటలో ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఒకనాడు కంకాళుడనే మాంత్రికుడు రాజుగారి మేనకోడలు హేమలేఖను ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల దీవిలో దాచాడు. అంత దూరం ఎగరగల గుర్రం కోటలో ఒక్కటే ఉంది. దాని పేరు వెన్నెల.

పెద్దకొడుకు దానికి ముళ్ల కళ్లెం వేశాడు. వెన్నెల వెనక్కాళ్ల మీద లేచి, అతన్ని గడ్డివామిలోకి విసిరేసింది. రెండోవాడు మెలితిప్పిన ఇనుప కళ్లెం వేశాడు. అతన్ని ఒడ్డు దగ్గరే సముద్రంలో పడేసి తిరిగొచ్చింది. అతను ఈదుకుంటూ ఇల్లు చేరాడు.

ఇక చిన్నవాడు కీర్తిసేనుడు. మరదలు ఎలా ఉందోనని అతనికి రాత్రుళ్లు నిద్రే లేదు. నడుమ కీలున్న నున్నటి కళ్లెం వేశాడు. దానికీ వెన్నెల తల విదిలించింది.

"ఇదీ గుచ్చుతోందా తల్లీ? ఏదీ, ఆ..." అంటూ నోరు తెరిపించి చూశాడు. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య పళ్లు లేని చిగురుంది. కళ్లెం ఆనేది అక్కడే. వెన్నెల నాలుకేమో లావు, అంగిలేమో కిందికుంది. పగ్గం లాగినప్పుడల్లా కీలు మడతపడి అంగిట్లో పొడుస్తోంది!

వెంటనే కమ్మరి చేత కీలు లేని కళ్లెం చేయించాడు. నాలుకకి చోటుండేలా కాస్త వంపు పెట్టించి, నోటి వెడల్పు కొలిచి, తోలు చుట్టాడు.

వెన్నెల దాన్ని నాలుకతో తడిమి చూసుకుంది. "హమ్మయ్య! ఎక్కు రాకుమారా" అంది.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. దీవిలో మాంత్రికుడు గుర్రు పెడుతున్నాడు. గుమ్మంలో అతని నల్లగుర్రం ముళ్ల కళ్లెంతో నురగలు కక్కుతోంది. ఆ నురగంతా ఎరుపే. చూడలేక కీర్తిసేనుడు కళ్లెం విప్పేశాడు.

"బాబూ, ప్రాణం లేచొచ్చింది!" అంది నల్లగుర్రం. "వాడి ప్రాణం చిలకలో ఉంది. నా గడ్డి కింద పంజరముంది చూడు. చిలక అది దాటితే వాడు బతకడు."

అలికిడికి కంకాళుడు లేచి, "ఎవడ్రా అది!" అని ఒక్క గెంతులో నల్లగుర్రమెక్కాడు. చెయ్యి చాచాడు, పగ్గం లేదు. గుర్రం ఒక్క విదిలింపు విదిలించి కింద పడేసింది. కీర్తిసేనుడు పంజరం తలుపు తీశాడు. చిలక తుర్రుమంది. మాంత్రికుడు పడ్డచోట పడ్డట్టే ఉండిపోయాడు.

లోపలి నుంచి హేమలేఖ పరుగున వచ్చింది. "బావా! ఇంక ఎవరూ రారనుకున్నాను" అని భోరుమంది.

"వచ్చేశాగా. పద, ఇంటికి పోదాం."

వాళ్లను చూశాక రాజుగారికి అన్నం సయించింది. మంచి ముహూర్తాన పెళ్లి చేశారు. అన్నలిద్దరూ దగ్గరుండి పల్లకీ మోశారు. కీర్తిసేనుడూ హేమలేఖా పిల్లాపాపలతో చాలాకాలం రాజ్యమేలారు. వాళ్లు సుఖంగా ఉన్నారు కదా, ఇక మనమూ నిశ్చింతగా లేచి అన్నాలకి వెళ్దాం పదండి.