తాలు కాయలు

డాక్టర్ హైమవతి గారికి ఒక అలవాటు ఉంది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో పని చెబుతారు. గుంటూరులో ఆవిడ దగ్గర కంటి వైద్యం నేర్చుకున్న వాళ్ళంతా ఆ రుచి చూసినవాళ్ళే.

ఒకనాడు మస్తాన్ వలి వంతు వచ్చింది. "మేడమ్, థైరాయిడ్ జబ్బులో కంటి వెనక కండలు వాచి చూపు నరాన్ని నొక్కుతాయి, సరే. మెదడులోని నీరు పారుతూ మలినాన్ని కడిగేస్తుందనీ, చూపు పోయేవాళ్ళలో ఆ పారుదల మందగిస్తోందనీ ఇప్పుడు కొందరంటున్నారు. ఏది ముందు? నొక్కుడా, నీరు నిలవడమా?"

అతని చేతిలో ఆ జబ్బుతోనే వచ్చిన సామ్రాజ్యమ్మ స్కానింగ్ ఫిల్ములున్నాయి. ఇంకో స్కానింగ్ తీస్తే నీటి సంగతి తేలుతుందని ఆమెను వచ్చే నెల రమ్మన్నాడు కూడా.

సామ్రాజ్యమ్మ మిర్చి యార్డులో కాయలు ఏరే మనిషి. కనుగుడ్లు పెద్దగా పొడుచుకు రాలేదు. గోడమీది అక్షరాలు తడుముకుంటూనైనా చదివింది. ఒకటి రెండుగా కనబడుతోందని కుడికన్ను మూసుకుని పనిచేస్తోంది. "ఈ ఏడు కాయంతా తాలే బాబూ, రంగున్న కాయ కంటపడితే ఒట్టు. మేస్త్రేమో నాకు ఏరడం రావట్లేదని తిడుతున్నాడు" అని ఆమె వాపోతే, యార్డు కబుర్లులే అనుకుని మస్తాన్ తలాడించాడు.

హైమవతి గారు ప్రశ్న విని, "క్యాంటీన్ నుంచి పళ్ళెం నిండా ఎండు మిరపకాయలు పట్రా" అన్నారు.

ఇంకా బయటే కూర్చున్న సామ్రాజ్యమ్మను పిలిపించి, పళ్ళెం ముందు పెట్టి, ఎప్పటిలాగే కుడికన్ను మూసి ఏరమన్నారు. సామ్రాజ్యమ్మ చేతులు చకచకా కదిలాయి. "ఎవరమ్మా కొన్నది? అన్నీ తెల్లబారిన తాలు కాయలే!" మస్తాన్ ఆ తాలు కుప్పలోకి చూశాడు. అన్నీ నిగనిగలాడే ఎర్రకాయలు.

ఆవిడ ఈసారి ఎడమకన్ను మూయించారు. సామ్రాజ్యమ్మ ఆ కుప్పలోంచి ఒక కాయ తీసి, దాని ఎరుపును తేరిపార చూసింది.

"ఇవి ఇందాకటివేనా?" అని కుప్పంతా కెలికింది. "నా ఎడమకన్ను పోతోందా అమ్మా?"

మస్తాన్‌కు ఆ యార్డు కబుర్లు గుర్తొచ్చాయి. ఎరుపు వెలిసిపోతోందంటే నరం నలుగుతోందని అతనికి తెలియక కాదు. ఆమె తన మాటల్లో చెబితే వినలేదు, అంతే.

"పోనివ్వను పెద్దమ్మా" అన్నాడు.

అప్పుడే సెలైన్లో మందు ఎక్కించాడు. అది చాలదని తేలాక, ఆపరేషన్ థియేటర్ ఖాళీ లేదన్నవాళ్ళ గుమ్మంలోనే కూర్చుని ఖాళీ అయ్యేదాకా లేవలేదు. హైమవతి గారు కంటి గూటి ఎముక కొంత తొలిచి నరానికి చోటు చేశారు.

కొన్నాళ్ళకు మస్తానే మళ్ళీ పళ్ళెం తెచ్చాడు. సామ్రాజ్యమ్మ కుడికన్ను అరచేత్తో మూసుకుంది. ఒక కాయను తాలులో వేసి, మళ్ళీ తీసి చూసి, మంచికాయల్లోకి మార్చింది. "ఇంకా కాస్త వెలిసినట్టే ఉంది గానీ బాబూ, దీన్ని తాలంటే మేస్త్రి ఊరుకుంటాడా!" అని నవ్వింది.

మస్తాన్ కళ్ళు తుడుచుకున్నాడు. హైమవతి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏది ముందని అడిగావు కదూ? ఇప్పుడు అడుగు. ఇప్పుడు మనకు తీరికుంది."