వెన్నరంగు సీటు

ఫణీంద్రకి కారు నచ్చింది. కారులో కూర్చోవడమే నచ్చడం లేదు.

ఏలూరులో కళ్ళజోళ్ళ షాపు అతనిది. చిన్నదైనా సరే, అసలైన లగ్జరీ కారు కొనాలని పెళ్ళికి ముందు నుంచీ ఒకటే కోరిక. ఈ ఉగాదికి కొన్నాడు. వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. ఎండలు ముదిరేసరికి ఆ సంబరం కాస్తా నీరుగారిపోయింది. కూర్చుంటే వీపంతా చెమట. మలుపు తిరిగితే జారుడు. "మీ కారుకో దండం, నేను బస్సులో వస్తాను" అనేసింది భార్య సునంద.

మోసపోయానేమో, ఇంకో కంపెనీది కొనుక్కోవాల్సిందేమో అని అతనికి బెంగ పట్టుకుంది. పాత కారు తీసుకుని కొత్తది ఇచ్చేవాళ్ళు రేపొచ్చి చూస్తామన్నారు. ఇచ్చేస్తే బాగా నష్టం. ఉంచుకుంటే రోజూ ఇదే ఏడుపు. ఎటూ తేల్చుకోలేక గురువుగారి దగ్గరికి బయల్దేరాడు.

ఆ గురువు బుల్లెమ్మగారు. నూజివీడు అవతల తోటల మధ్య చిన్న పెంకుటిల్లు ఆవిడది. కాషాయం కట్టరు, ఉపన్యాసాలు చెప్పరు. అడగవచ్చినవాడితో కాసేపు ఉంటారు, అంతే.

ఫణీంద్ర బెంగతోనే వెళ్ళాడు గానీ, కారు మాట ఎత్తేసరికి బెంగ మర్చిపోయాడు. దాని గొప్పలన్నీ ఏకరువు పెట్టడం మొదలుపెట్టాడు.

"లోపలంతా మెత్తటి తోలండీ, వెన్న రంగు! డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేస్తే పసిపిల్ల బుగ్గ తాకినట్టే! పైకప్పంతా అద్దం, మబ్బులు కనిపిస్తాయి. తలుపు వేసేశామంటే బయట లారీ హారన్ కొట్టినా దోమ పాడినట్టుంటుంది. సీట్లలోంచి చల్లగాలి వస్తుందమ్మగారూ, సీట్లలోంచి!"

"వస్తోందా?"

"వస్తుందనే చెప్పారండీ. నాకే తెలియడం లేదు." అతని మొహం చిన్నబోయింది. "మీరొక్కసారి కూర్చుని చెప్పండమ్మా. పెట్టిన డబ్బుకి తగ్గ సుఖం ఇందులో ఉందా, లేదా? రేపు ఇచ్చెయ్యనా, ఉంచుకోనా?"

బుల్లెమ్మగారు చెప్పులు వేసుకున్నారు. "పద, అలా వెళ్ళొద్దాం."

ఆవిడ ముందు సీట్లో కూర్చోగానే కరకరమని చప్పుడైంది. షోరూమ్‌లో తొడిగిన ప్లాస్టిక్ కవర్లు సీట్లన్నిటికీ అలాగే ఉన్నాయి. మొదటి మలుపులో ఆవిడ తలుపు వైపు జారారు. తర్వాతి మలుపులో ఫణీంద్ర వైపు జారారు. పైనున్న పిడి పట్టుకుని సర్దుకున్నారు.

"ఆ మెత్తటి తోలు ఎక్కడుందిరా?"

"ఈ కవరు కిందండీ."

"నువ్వు కూర్చున్నావా దాని మీద?"

"షోరూమ్‌లో కూర్చున్నానమ్మా! ఎంత హాయిగా ఉందో!"

"ఆ తర్వాత?"

"తీస్తే మాసిపోతుందండీ. ఎప్పుడైనా అమ్మేటప్పుడు, కొనేవాళ్ళు చూస్తారు కదా."

"మంచివాడివే" అన్నారావిడ. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

రోడ్డు పక్కన ఒకావిడ చెరుకు రసాల మామిడిపళ్ళు గుట్టపోసి అమ్ముతోంది. బుల్లెమ్మగారు కారు ఆపమన్నారు. మబ్బు పట్టి, అప్పుడే ఒకటీ రెండూ చినుకులు పడుతున్నాయి. ఫణీంద్ర పళ్ళు ఏరడంలో పడ్డాడు. నొక్కి చూశాడు, వాసన చూశాడు, బేరమాడాడు. తీరా వెనక్కి తిరిగేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ముందు సీట్ల రెండింటి కవర్లూ పీకేసి ఉన్నాయి. గురువుగారు వాటిని చుట్టగా చుట్టి పళ్ళావిడ చేతిలో పెడుతున్నారు.

"గుట్ట మీద కప్పుకో అమ్మా, పళ్ళు తడుస్తాయి."

పళ్ళావిడ సంతోషంగా పరిచేసుకుంది, నాలుగు మూలలా రాళ్ళు కూడా పెట్టేసింది. ఇంక అడగడానికేముంది? ఫణీంద్ర ఏడుపు మొహంతో వచ్చి, ముళ్ళ మీద కూర్చున్నట్టు సీటు అంచున కూర్చున్నాడు. కారు కదిలింది. కాసేపటికి నడుము నొప్పెట్టి కొంచెం వెనక్కి వాలాడు.

తోలు చల్లగా ఒంటిని పట్టుకుంది. వీపు వెనక నుంచి ఏదో మెల్లగా పాకింది.

"అమ్మా!" అని కేక పెట్టాడు. "గాలి! గాలి వస్తోందమ్మా! నిజంగానే వస్తోంది!"

కారు పక్కకి తీసి ఆపేశాడు. సీటు మీద అరచేతులతో రుద్దాడు. వెనక్కి వాలాడు, లేచాడు, మళ్ళీ వాలాడు. ఇన్నాళ్ళూ తన కిందే ఉందే ఈ సుఖం! సునంద ఇప్పుడే పక్కనుంటే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

బుల్లెమ్మగారు ఈలోపు ఒక రసం పండు చేతుల మధ్య నలిపి, ముచ్చిక తీసి, సొన కిటికీ బయటికి పిండేశారు. నోట పెట్టుకున్నారు. ఫణీంద్రకి సీటు గుర్తొచ్చింది. గబుక్కున ఆవిడ గడ్డం కింద దోసిలి పట్టాడు.

ఆవిడ ఆ దోసిట్లో ఇంకో పండు పెట్టారు. "తిను."

గురువు ఇచ్చినది కాదనలేడు. భయంభయంగా కొరికాడు. ఆ తీపి నాలిక్కి తగిలాక భయం ఎటుపోయిందో తెలియలేదు. మోచేతుల దాకా రసం కారుతుంటే నాకేస్తూ, చినుకులు పడే అద్దంలోంచి మబ్బుల్ని చూస్తూ, పిల్లాడిలా జుర్రుతున్నాడు.

టప్పుమని ఒక చుక్క వెన్నరంగు సీటు మీద పడింది.

"అయ్యో!" జేబులోంచి రుమాలు లాగాడు. "మరక పడిపోతుందమ్మా! రేపు వాళ్ళు చూస్తే ధర తగ్గించేస్తారు!"

గురువుగారు టెంక చీకుతూనే అతని వైపు తిరిగారు.

"ఎవరి కారుకిరా?"

ఫణీంద్ర చెయ్యి గాల్లోనే ఆగింది. కాసేపు ఆ పసుపుపచ్చ చుక్కనే చూశాడు. తర్వాత రుమాలు జేబులో పెట్టేసుకుని, వెనక్కి వాలి, ఇంకో పండు అందుకున్నాడు.