పైడమ్మ చెంబు మీది సొట్ట

"నా చెంబు మార్చేశార్రో దేవుడో!"

వీధి ఆ చివర నుంచి పైడమ్మ కేక. ఆ రోజుల్లో కంచర వీధిలో తెల్లారితే చాలు, సుత్తుల మోతే. ఎంత కమ్మగా ఉండేదో! అలాంటి మోత ఆ కేకకి ఠక్కున ఆగిపోయింది.

నరసింగాచారి దగ్గర పని నేర్చుకుంటున్న శోభనాద్రి ఉలిక్కిపడ్డాడు. పొద్దున ఆ చెంబు ఇచ్చొచ్చింది తనే. అడుగున చిల్లికి మాటు వెయ్యమంటే, పనిలో పనిగా పొట్ట మీది సొట్ట కూడా తీసి, అద్దంలా తోమి మరీ ఇచ్చాడు. ఇప్పుడు దొంగ అనిపించుకుంటే ఈ వీధిలో ఇంకెవరు గిన్నె చేతికిస్తారు?

చూపులేని పైడమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చి, చెంబు గురువు నరసింగాచారి ముందు పెట్టింది.

"ఇది నాది కాదు బాబూ."

"నీదే మామ్మా! డెంట్ తీశానంతే," అన్నాడు శోభనాద్రి.

"ఏం తీశావూ?" అన్నాడు గురువు.

శోభనాద్రికి హుషారొచ్చింది. పదో తరగతి గట్టెక్కినవాడాయె, జేబులో డిక్షనరీ ఒకటి.

"బుగ్గన పడే సొట్ట డింపుల్ గురువుగారూ. గాలికి నీళ్ళ మీద పడేదీ డింపులే. గోల్ఫ్ బంతికైతే ఒళ్ళంతా డింపుల్సే, అవి ఉంటేనే దూరం పోతుందట. ఇది మాత్రం డెంట్, ఒట్టి లోపం. మనవాళ్ళకి అన్నిటికీ ఒకటే మాట, సొట్ట!"

గురువు చెంబు ఒళ్ళోకి తీసుకున్నాడు. పైడమ్మ చెయ్యి పట్టుకుని చెంబు మీద పెట్టాడు.

"బొటనవేలు ఎక్కడ పడేదమ్మా?"

"ఇదిగో, ఇక్కడ. అది తగిలితేనే తాగేనీళ్ళ చెంబని తెలిసేది. మా పెళ్ళినాడు ఆయన చేతిలోంచి జారి పడింది. అందరి ముందూ ఎంత సిగ్గుపడ్డాడనీ!"

అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, కొయ్య సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు వేశాడు గురువు.

"చాలా?"

"ఇంకాస్త. మరీ నుయ్యి తవ్వకు బాబూ!"

మూడోసారికి వేలు కుదురుగా దిగింది. పైడమ్మ బోసినోరు విచ్చుకుంది. "ఇదీ నా చెంబు!"

శోభనాద్రి దగ్గరికి జరిగాడు. "మరి దీన్నేమనాలి గురువుగారూ? డెంటా, డింపులా?"

"నన్నడుగుతావేంరా? చెంబెవరిది?"

లోపలి నుంచి గురువుగారి భార్య అన్నానికి పిలిచింది. పైడమ్మనీ కదలనివ్వలేదు. నలుగురూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. శోభనాద్రి పప్పుగిన్నె అందుకుని, గరిటె ముంచి, పైడమ్మ విస్తరి మీద ఆపాడు.

"ఎక్కడ వెయ్యమంటావు మామ్మా?"